రక్తప్రదరమును, సహజౌషధములును

"లోధ్ర" యను పేరు నేను మొట్టమొదట మా నాయనమ్మ నోట వింటిని. ఒంగోలు చెంగటనున్న ఇనమనమెళ్లూరున 1875లో జన్మించి, బాల్యముననే చెన్నపట్టణము చేరి వైద్యము నభ్యసించిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు తమ కేసరికుటీరమున సిద్ధపఱచిన స్త్రీల యౌషధ మది. ఆయనయే 1928లో "గృహలక్ష్మి" పత్రికను స్థాపించి, రచయిత్రులను స్వర్ణకంకణముతో సత్కరించు నాచారమును నెలకొల్పెను. జనులు మందును తలంచుకొన్నంతగా పత్రికను తలంచుకొనరు. నా మట్టుకు పత్రికయే గొప్ప మందని తోచును. ఏలయన ముట్టుబాధను పెదవి దాటనీయని యిండ్లలో, ఏ చూర్ణమైనను చీకటిలో మ్రింగు చూర్ణమే యగును. పురుషుడనయ్యు నే నీ విషయమును వ్రాయుటకు హేతు వదియే.

చరకసంహిత చికిత్సాస్థానమున నీ వ్యాధి అసృగ్దరమనియు ప్రదరమనియు చెప్పబడినది. ప్రదరమనగా బ్రద్దలై పొంగుట; ఇంగ్లీషు వైద్యులు వాడు "మెనొరేజియా" యను గ్రీకుమాటలోని రెండవ భాగమునకును బ్రద్దలగుటయే యర్థము. కాని యెంత రక్తము పోయిన వ్యాధి యనవలెను? మామూలుగా నొక ఋతువున 30, 40 మిల్లీలీటర్లు పోవును. 80 దాటిన అధికమని లెక్క. ఏ యిల్లాలును కొలపాత్ర పట్టుకొని కూర్చుండదు గదా! గంటకొక గుడ్డ మార్చవలసివచ్చుట, పెద్ద గడ్డలు పడుట, రాత్రి లేచి పక్క మార్చుకొనుట, ఎనిమిది దినములు గడచినను ఆగకుండుట, ఇవి చాలు. ఆమె పనికి అడ్డమగుచున్న యెడల అదియు చాలును.

మా చెల్లెలి సంగతి యామె యనుమతితోనే చెప్పుచున్నాను. ఆమెకు ముప్పదియెనిమిదవ యేట ముట్టు పదునొకండు దినములు నిలుచుట మొదలిడెను. తిరునాళ్లలో కొన్న యొక చూర్ణమును, "ఆకులే గదా అన్నయ్యా, సహజమైనది, హాని యేముండును?" అని పదునాలుగు నెలలు సేవించినది. ఆ దినములలో నామె నన్నడిగిన దొక్కటే: బడినుండి బలపములు తెచ్చిపెట్టుమని. పిల్లల కనుకొంటిని. ఆమెయే నమలుచుండెనని పిదప తెలిసినది. మట్టి, బలపము, పచ్చిబియ్యము తినవలెనను కోరిక యినుము తగ్గిన దేహపు గుర్తని వైద్యురాలు చెప్పినది. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 6.4, పండ్రెండునకు తగ్గినచో పాండువని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయము. స్కానింగులో గర్భాశయపు లోపలిపొరను ఒత్తుచున్న కణితి కనబడెను. ఆ కణితిని ఏ చూర్ణము కరగింపగలదు?

మూలికలను తృణీకరించుట నా యుద్దేశము గాదు. చరకుని పుష్యానుగచూర్ణమున లోధ్రపట్ట చేరినది. దానిని తేనెతో, బియ్యము కడిగిన నీటితో పుచ్చుకొమ్మనెను. అశోకపట్టకు ప్రసిద్ధి యున్నది. ఐనను నేటి వైద్యము కోరునంత బలమైన నిదర్శనము వీనికింకను సమకూరలేదు. మఱియు సీసాలో నున్నది అశోకమే యని పూచీ యేమి? మన బళ్ల ఆవరణలలో నిట్టనిలువున పెరిగి, పిల్లలు అశోకచెట్లని పిలుచునవి నిజముగా నరమామిడి చెట్లు. వాని పట్టయే అశోకపట్ట పేర అంగళ్లకు చేరుట కద్దు. లోహముల మాట యింకను భయంకరము. అమెరికాలోని బోస్టను ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేదపు మందులలో 14 సీసము, పాదరసము, ఆర్సెనికములలో నొకటో రెండో కలిగియుండెనని 2004లో ప్రకటింపబడినది. సీసము రక్తమును క్షీణింపజేయు విషము. రక్తహీనకు సీసము పెట్టుటకంటె విపరీతమేమున్నది?

మునగాకు, బెల్లము, ఖర్జూరము తినుట మంచిదే. కాని చిన్న లెక్క వేయుడు. 80 మిల్లీలీటర్ల రక్తముతో 35, 40 మిల్లీగ్రాముల యినుము పోవును. భోజనమునుండి దేహము దినమునకు గ్రహించునది ఒకటి, రెండు మిల్లీగ్రాములు. చిల్లుకుండలో చెంబుతో నీరు పోసినట్లే. ఇనుపమాత్రలు కావలెను, వానిని నిమ్మరసముతో పుచ్చుకొనుట మేలు, టీతో పుచ్చుకొనుట వ్యర్థము. కుండకు పడిన చిల్లును వెదకుట యంతకంటె ముఖ్యము: కణితి, థైరాయిడు లోపము, అండము విడుదల కాకపోవుట, రక్తము గడ్డకట్టని జన్మదోషము, నలువదియైదు దాటినవారిలో ఒక్కొక్కప్పుడు కాన్సరు.

మా ప్రాంతపు మిరపచేలలో, ప్రత్తిచేలలో కూలికి పోవు స్త్రీ ఈ వెదకులాటకు ఒక దినపు కూలి పోగొట్టుకొనవలెను. అందుచే నామె కేండ్లకొలది చూర్ణము, పిదప నొక్కసారిగా కత్తి. "సంచి తీయించుకొంటిని" అని ముప్పదియైదేండ్లకే చెప్పువారు నాకు పలువురు తెలియుదురు. 2015–16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తొలగించుకొన్నవారు ఆంధ్రప్రదేశమున నూటికి 8.9, దేశమంతట 3.2. అనవసరపు శస్త్రములను అరికట్టు మార్గదర్శకములను అమలుపఱుపుడని 2023లో సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రముల నాదేశించినది.

చూర్ణమునకును కత్తికిని నడుమ ఎంత వైద్యమున్నదో యీ స్త్రీలకు చెప్పువారు లేరు. ట్రానెగ్జామిక్ ఆమ్లమను మాత్రను జపానుదేశపు వైద్యురాలు ఉటాకో ఒకమోటో తన భర్తతో కలిసి కనిపెట్టి 1962లో ప్రకటించెను. ముట్టునాళ్లలో నాలుగైదు దినములు మాత్రమే పుచ్చుకొనుమందు. రక్తనాళములలో గడ్డలు కట్టు వ్యాధి యున్నవారికి తగదు గనుక వైద్యులు వ్రాసియిచ్చిననే వాడవలెను. లెవోనార్జెస్ట్రెల్ కల సాధనమును గర్భాశయమున నమర్చిన కొన్నియేండ్లు స్రావమును తగ్గించును. మా చెల్లెలికి నరమునుండి ఇనుము ఎక్కించి, పిదప కణితిని మాత్రమే తీసివేసిరి, గర్భాశయము నిలిచినది. ఆ చూర్ణపు పొట్లమును వైద్యురాలు తెమ్మనగా తీసికొనిపోతిమి. దానిపై "ప్రకృతిసిద్ధము" అని పెద్ద యక్షరములతో నుండెను. లోపల ఏమేమి కలిపిరో ఎక్కడను వ్రాసిలేదు.