పొగడ్తకు, తెగడ్తకు నడుమ

గత సెలవులలో మేమిద్దరము, ఉర్దూ విభాగమువారొకరు, తెలుగు విభాగమువారొకరు, తెలుగు వికీపీడియాలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితచరిత్రను సవరించడానికి పూనుకున్నాము. ఆ అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా వ్రాయవచ్చు. కాని ప్రతి మాటకు ఆధారం చూపవలెను, వ్రాసినవారి అభిమానద్వేషాలు కనబడరాదు. దీనిని అక్కడ తటస్థ దృక్కోణం అంటారు. నియమం చదివినప్పుడు సులభంగానే తోచింది.

మాలో ఒకరి ముత్తాతగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలో పట్టభద్రులైనారు. మరొకరి ముత్తాతగారు నల్లగొండ ప్రాంతంలో దొరగారి గడీలో వెట్టి చేసినవారు. ఒకరి చిత్తుప్రతిలో 1918 నాటి విశ్వవిద్యాలయం, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ ఉన్నవి. ఇంకొకరి ప్రతిలో వెట్టి, రజాకార్లు, 1948 ఉన్నవి. దేనిలోను అబద్ధం లేదు. రెండూ చదివినవారికి అవి ఒకే మనిషిని గూర్చినవని మాత్రం తోచదు!

మంచినంతా ముందు వ్రాసి, చివర ‘విమర్శలు’ అని శీర్షిక పెట్టి చేతులు దులుపుకొందామనుకున్నాము. అదియును తప్పేనని ఆలస్యంగా తెలిసింది. రజాకార్లను అదుపు చేయకపోవడం పాలనలో భాగమే గాని, కొసకు తగిలించే తోక కాదు. కనుక ఏ సంగతిని ఆ సంవత్సరం దగ్గరనే ఉంచాము. రజాకార్లను విమర్శించి 1948 ఆగస్టులో హతుడైన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ పేరు చేర్చవలెనని పట్టుబట్టినది ఉర్దూ విభాగపు మిత్రుడే. పోలీసు చర్య అనంతరం జరిగిన హత్యాకాండను, మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునన్న సుందర్‌లాల్ సంఘపు అంచనాను చేర్చినది రెండవవారు. ఆ సాయంత్రం మేము ఎక్కువగా మాట్లాడుకోలేదు.

అన్నిటికంటె శ్రమపెట్టినది బంగారం. 1965లో నిజాము దేశ రక్షణకు 5,000 కిలోల బంగారం దానమిచ్చినారని చిన్ననాటి నుండి విన్నాము. మా ఇద్దరికీ సమానంగా ఇష్టమైన కథ అదొక్కటే. 2018లో పత్రికలలో వచ్చిన వివరం వేరు: 425 కిలోలు, అదియును దానం కాదు, 6.5 శాతం వడ్డీపై జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టుబడి. ఇది నింద కాదు. 425 కిలోలు మాత్రం తక్కువా? అయినను ‘దానం’ అనే మాటను కొట్టివేయడానికి మా చేయి వెంటనే రాలేదు.

కొట్టివేశాము. వారం తిరుగకముందే ఎవరో అజ్ఞాత సభ్యుడు 5,000 కిలోలను తిరిగి చేర్చినాడు. ఆధారం చూపి సరిచేశాము. ఈ వ్యాసం సంపాదక వర్గానికి అందజేసే నాటికి అది మూడవ మారు.