గుంట మగ్గం దగ్గర గ్రూప్ ఫొటో

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో ఇప్పుడు ఫ్యామిలీ షూట్ల జోరు. తండ్రీకొడుకులకు ఒకే రంగు కుర్తాలు, తల్లీకూతుళ్లకు ఒకే గుడ్డలో కుట్టించిన బట్టలు, వెనకాల అద్దెకు తెచ్చిన ఎడ్లబండి. నా ఇల్లు గడిచేదీ వాటితోనే కాబట్టి తీసిపారేయను. కానీ ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో ఆ ఫొటో చూసి చెప్పలేం. అందుకే ఇంటిల్లిపాదీ ఒకే పని మీద బతికే కుటుంబాలను, ఆ పని మధ్యలోనే తీయాలని సొంత ఖర్చుతో ఒక ప్రాజెక్టు పెట్టుకున్నాను. మొదటి మజిలీ భూదాన్ పోచంపల్లి.

విజయవాడ హైవే వదిలి ఎడమకు మళ్లాక ఎక్కువ దూరం లేదు. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి పేదలకు వంద ఎకరాలు ఇస్తానన్నది ఈ ఊళ్లోనే. పర్యాటకులు ఆ జ్ఞాపకచిహ్నాలు చూసి, చీరల దుకాణాలు తిరిగి వెళ్తారు. నాకు కావలసింది వెనక సందుల్లోని ఇళ్లు.

తెలిసినవాళ్లు చూపించిన ఇంట్లో గడప దాటగానే గుంట మగ్గం. పెద్దాయన కాళ్లు గుంటలో పెట్టుకుని నేస్తున్నాడు. ఆయన భార్య గోడవారగా కూర్చుని ఆసు పోస్తోంది. అర్ధచంద్రంలా దిగ్గొట్టిన మేకుల చుట్టూ పోగును తిప్పుతూ చెయ్యి అదే పనిగా పోయివస్తోంది. చీర ఒక్కదానికి వేలసార్లు అలా తిప్పాలి. తన తల్లి పడే ఈ కష్టం చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఈ ఇంట్లో మాత్రం ఇంకా చేత్తోనే. కోడలు పోగులకు రబ్బరు పట్టీలు చుడుతోంది. కట్టిన చోట రంగు పట్టదు. అంటే ఇక్కత్ డిజైను మగ్గం మీదికి రాకముందే నూలు మీద ఉంటుంది. ముసలవ్వ రాట్నం మీద కండెలు చుడుతోంది. ఒక్క చీర ఇంటిల్లిపాది చేతుల్లోంచీ పోతుంది. నా ఫొటోలో కనిపించాల్సింది అదే.

కానీ కెమెరా చూడగానే అందరూ లేచి, కొత్త బట్టలు కట్టుకుని గోడ ముందు వరసగా నిలబడ్డారు. ముందు అదే తీశాను. చేతులు నిటారుగా కిందికి పెట్టి బిగుసుకుని నిలబడే ఆ ఫొటోను మనం చులకన చేస్తాం గానీ, ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేది దాన్నే. 1892లోనే ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. తీయించుకునేవాళ్ల మర్యాద ముందు, మన కళ తర్వాత. ఒకటే జాగ్రత్త తీసుకున్నాను. గోడకు నీలం సున్నం. దానికి ఆనుకుని నిలబడితే చెంపల మీద ఆ నీలం పడుతుంది, అందుకని నాలుగడుగులు ముందుకు జరిపాను.

తర్వాత ఎవరి పని దగ్గరికి వాళ్లు వెళ్లారు. మొదట ట్యూబ్‌లైటు ఆర్పించాను. పగటి వెలుగూ ట్యూబు వెలుగూ కలిస్తే ముఖం ఒకవైపు పచ్చగా, ఒకవైపు తెల్లగా వస్తుంది, కంప్యూటర్లో సరిచేయడం తలనొప్పి. ఇక మిగిలింది గుమ్మంలోంచి వచ్చే వెలుగే. గుమ్మం ఫ్రేములో పడితే కెమెరా ఆ తెల్లదనానికి బెదిరి ముఖాలను నల్లగా చేస్తుంది. అందుకే గుమ్మానికి వీపు పెట్టి, వెలుగుకు అడ్డం రాకుండా పక్కకు జరిగి, నేల మీద కూర్చున్నాను. గుంటలో ఉన్న మనిషిని నిలబడి తీస్తే నడినెత్తి తప్ప కళ్లు కనిపించవు.

నలుగురూ నాలుగు దూరాల్లో ఉన్నారు. ఎఫ్ 1.8 పెడితే ఒకరే స్పష్టంగా ఉంటారు. ఎఫ్ 5.6 పెట్టి, మధ్యలో ఉన్న కోడలి కంటి మీద ఫోకస్ చేసి, ఐఎస్‌ఓ 3200 దాకా పెంచాను. ఫొటోలో కాస్త గరుకు ఉన్నా ఫరవాలేదు, కదిలిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఇరుకు గదిలో 35 ఎంఎం లెన్సు తప్పదు గానీ, అంచున ఉన్నవాళ్లను అది సాగదీస్తుంది. అవ్వ రాట్నాన్ని కొంచెం లోపలికి జరిపించాను. నేత బట్టతో ఇంకో పేచీ ఉంది. సన్నటి పోగులు కెమెరా సెన్సార్‌కు పడక బట్ట మీద లేని అలలు పుడతాయి. ఒక అడుగు వెనక్కో ముందుకో జరిగితే చాలాసార్లు పోతాయి.

ఆసు పోసే చేతి కోసం మాత్రం స్టాండు వేసి, షటర్ 1/15కు తగ్గించాను. ముఖం నిలకడగా ఉండి చెయ్యి మాత్రం విసనకర్రలా పరుచుకోవాలి.

“అమ్మా, చెయ్యి ఆపొద్దు. తల మాత్రం కదపకండి” అన్నాను.

“తల కదిపితే పోగు తప్పుతది సారూ, నువ్వు జెప్పాల్నా?” అని నవ్వింది.

ఆ నవ్వుకు తల కదిలింది, పోగూ తప్పింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు తీసిన ఫొటోయే ఈ ప్రాజెక్టుకు ముఖచిత్రం అనుకుంటున్నాను.

అన్నీ సర్దుకుంటుంటే అవ్వ పిలిచింది. “పట్నంల కొలువు జేసే మనుమడు లేకుండ గిదేం ఫొటో బిడ్డా? వాడు ఐతారం వస్తడు.”

ఆ అబ్బాయి మగ్గం మీద కూర్చోడట, అయితే నెలనెలా రంగులకూ నూలుకూ డబ్బు పంపేది అతనే. అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. గుమ్మం తూర్పు ముఖం. ఆదివారం పొద్దుటి ఎండ గడప లోపల కొట్టడం తగ్గాకే వెళ్లాలి, లేదంటే పల్చటి తెల్ల పంచె ఒకటి గుమ్మానికి అడ్డంగా కట్టాలి.