యాచకునికి ఈయవలెనా?

మా ఇండ్లలో ఈ ప్రశ్న శాస్త్రచర్చగా పుట్టలేదు. బియ్యపు డబ్బా దగ్గర పుట్టినది. వాకిట కేక వినబడును. ఇల్లాలు దోసిట బియ్యము తీసికొని బయలుదేరును. నగరమున చదువుకొని వచ్చిన కుమారుడు "వేయకమ్మా, వేసినకొలది వీరు పెరుగుదురు" అనును. ఆ వాక్యము ముగియకమునుపే బియ్యము జోలెలో పడియుండును. గోకుందలో మేము ఈ వివాదమును ఇంతకాలముగా ఇట్లే పరిష్కరించుకొనుచున్నాము. అయితే చేయి ముందు పోవుట, ఆలోచన వెనుక వచ్చుట ఎల్లప్పుడును మంచిది కాదు గనుక, వెనుకబడిన ఆ ఆలోచనను ఇచ్చట కొంతదూరము నడిపింపదలచితిమి.

మా ఊరు కిన్వట్టు పట్టణమునకు అంటియున్నది. 1956 వరకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో నాందేడు జిల్లాలో చేరి బొంబాయి రాష్ట్రమునకును, 1960 లో మహారాష్ట్రమునకును చెందినది. మేము కదలలేదు, హద్దు కదలినది. కావున మా వాకిటికి వచ్చువారు ఒక్క భాషలో అడుగరు. నేడు అరుదైనను, నెమలిపింఛముల టోపీ ధరించి తెల్లవారుజామున మరాఠీలో పాడుచు వచ్చు వాసుదేవుని మా పెద్దలు ఎరుగుదురు. గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు తెలుగులో దీవింతురు. రేణుకాదేవి పేర వెదురుబుట్ట చేతబట్టి "జోగవా" అడుగు స్త్రీలు మంగళ శుక్రవారములందు వత్తురు.

ఆ రేణుకాదేవి కొలువున్న మాహూరు మాకు పొరుగే. ఒకప్పుడు కిన్వట్టు తాలూకాలోని ఊరే. అచ్చటనే దత్తాత్రేయుని శిఖరము కలదు. దత్తస్వామి ప్రతిదినము కాశిలో స్నానము చేయుననియు, కొల్హాపురమున భిక్ష గొనుననియు, రాత్రి మాహూరునకు వచ్చి నిద్రించుననియు భక్తుల నమ్మిక. అనగా భిక్షమెత్తు దేవుడు రాత్రివేళ మా పొరుగున పండుకొనును. ఇట్టి సీమలో పుట్టినవానికి చాచిన చేతిని చూచి మొగము త్రిప్పుకొనుట సులభముగా అలవడదు.

మన భాష కూడ ఈ విషయమున తొందరపడలేదు. భిక్ష వేరు, మధుకరము వేరు, యాయవారము వేరు, ముష్టి వేరు. వారములు చేసికొని చదువుట అను మాట నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. సోమవారము ఒక యింట, మంగళవారము వేరొక యింట భుజించి చదువు ముగించిన తెలుగు బాలుర తరములు గడచినవి. వారిని ముష్టివారని ఎవరును అనలేదు. అన్నము పెట్టిన యిల్లు ఆ పిల్లవాని చదువులో తనకు పాలున్నదని భావించినది. హరిదాసునకు ఊళ్లు ఉండెను, ఆ ఊళ్లకు అతని రాక తెలియును. అడుగువాడెవడో పెట్టువానికి తెలియును. ఈయవలెనా, కూడదా అను ప్రశ్న అంతగా బాధింపకుండుటకు కారణము మన పూర్వుల ఔదార్యము కాదేమో, ఆ పరిచయమే కారణమని మాకు తోచుచున్నది.

చట్టమునకు ఇట్టి పరిచయము లేదు. 1959 నాటి బొంబాయి యాచక నిరోధ చట్టము బహిరంగ స్థలములందు భిక్షమడుగుటను మాత్రమే కాక, పాడుట, ఆడుట, జోస్యము చెప్పుట, ఏదేని వస్తువును అమ్మజూపుట మున్నగు మిషలతో అడుగుటను సయితము యాచనగానే లెక్కించినది. వాసుదేవుడును, కుంటివాడును, సోమరియు, ఆకలిగొన్న ముదుసలియు ఒక్క పదములో ఇమిడిపోయిరి. పట్టుబడినవానిని ఒక సంవత్సరమునకు తక్కువ కాకుండ, మూడు సంవత్సరములవరకు నిర్బంధ గృహమున ఉంచవచ్చును. మరల మరల పట్టుబడినచో పది సంవత్సరముల వరకును. పదియేండ్లు! దొంగతనమునకు ఇంతకంటె తక్కువ శిక్షతో బయటపడువారు కలరు. ఢిల్లీలో అమలైన ఈ చట్టమందలి శిక్షానిబంధనలను 2018 ఆగస్టులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసినది. 2021 లో వీథులలో యాచనను నిషేధింపుడని కోరినపుడు, అది సాంఘిక ఆర్థిక సమస్య యని సుప్రీంకోర్టు అందుకు అంగీకరింపలేదు.

పాలకులకు మాత్రము పేదరికముకంటె పేదవాడు కనబడుటయే ఎక్కువ బాధ కలిగించును కాబోలు. 2017 నవంబరులో ప్రపంచ వాణిజ్యవేత్తల సదస్సు జరుగనుండగా హైదరాబాదు నగరమున రెండు నెలలు యాచనను నిషేధించిరి. యాచకుని జాడ చెప్పినవారికి అయిదువందల రూపాయల బహుమానమని తెలంగాణ కారాగార శాఖ ప్రకటించినది. ఇందూరు నగరమున మరియొక అడుగు ముందుకు వేసి, 2025 జనవరి నుండి భిక్ష వేసినవారిపైననే కేసు పెట్టెదమనిరి. 2011 జనాభా లెక్కలలో దేశమంతట యాచకులు, దేశదిమ్మరులు కలిసి 4,13,670 మంది. నూట ఇరువదియొక్క కోట్ల జనములో ఈ సంఖ్య ఎంత? వీరికి అన్నము పెట్టుటకంటె వీరిని దాచుటకే ఎక్కువ శ్రమ పడుచున్నాము.

అయినను ఈయరాదనువారి మాటలో బలము లేదనము. దేహశక్తి గలవానికి పని చేయింపక ఊరక అన్నము పెట్టుట వానికిని దేశమునకును కీడని గాంధీమహాత్ముడు పలుమారులు వ్రాసియున్నాడు. పసిపిల్లల చేత అడిగించువారు కలరన్నదియు నిజమే. అందుచేత పిల్లల చేతిలో మేము డబ్బు పెట్టము. తినుబండారమేదైన అచ్చటనే తినిపించి, 1098 అను శిశు సహాయ సంఖ్యకు తెలియజేయుట మేలని మా అభిప్రాయము. అంతకుమించి, "వాడు త్రాగుటకే అడుగుచున్నాడు" అను ఆక్షేపణను మాత్రము మేము మన్నింపజాలము. కూలి ఇచ్చునపుడు ఆ కూలిని ఏమి చేసెదవని అడుగము. పండుగనాడు చుట్టములకు పెట్టిన కట్నములపై లెక్కలడుగము. పది రూపాయలు పుచ్చుకొనువాడొక్కడే మనకు నీతిపరీక్షలో ఉత్తీర్ణుడు కావలెనా?

ప్రశ్న వేయక పెట్టుట యెట్లో చూడదలచినవారు నాందేడులోని హుజూరు సాహెబు గురుద్వారకు పోవలెను. 1708 లో గురు గోవిందసింహుడు దేహము చాలించిన చోటది. అచ్చటి లంగరులో ధనికుడును దరిద్రుడును ఒకే వరుసలో నేలపై కూర్చుందురు. అడుగువాడు లేడు గనుక యాచకుడును లేడు. మన గోదావరిసీమలో లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చినవారికి సయితము అన్నము వండి పెట్టిరి. ఆమె పేరను 2024 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు పెట్టినది. అన్నదానమును మించినది లేదని మనవారు అనుట అందుకే. అయితే అన్నము కడుపు నింపును గాని, మందు కొనదు, బస్సు టిక్కెట్టు కొనదు. చిల్లర చేతిలో పెట్టుట గౌరవహీనమనియు, అన్నము మాత్రమే పెట్టవలెననియు వాదించువారు ఈ సంగతి మరతురు.

ఇక మా అసలు ఇబ్బందికి వత్తుము. రైలులో యాచించుటను 1989 నాటి రైల్వే చట్టము నిషేధించినది. అయినను తిరుపతి నుండి ఆదిలాబాదుకు పోవు కృష్ణా ఎక్స్‌ప్రెస్సులో ముధ్కేడు దాటిన పిదప పెట్టెలో చేయి చాచువారు కనబడుచునే యుందురు. మరాఠీలోనో హిందీలోనో అడిగినపుడు మేము క్షణకాలము ఆలోచింతుము. "అమ్మా, బిడ్డా" అని తెలుగున వినబడినచో చేయి తానే జేబులోనికి పోవును. ఇది దానమా, అభిమానమా? ఆకలికి భాష లేదు. మా జాలికి మాత్రము ఉన్నట్లున్నది. హద్దుకు ఈవల మిగిలిన జనమునకు ఇట్టి బలహీనత సహజమని సమర్థించుకొనవచ్చును. కాని మరాఠీలో అడిగిన ముదుసలికి తక్కువ వేయుటను ఏ పండితుడును సమర్థింపలేడు. అందుచే మాలో కొందరము ఇంటినుండి కదలునప్పుడే కొంత చిల్లర వేరుగా ఉంచుకొని, ఎవరు మొదట అడిగిన వారికి ఇచ్చుట అలవరచుకొంటిమి.

తెలుగున అడుగువారి ఎడల మాకొక బాధ్యత ఉన్నమాట వేరు. అది చిల్లరతో తీరునది కాదు. మహారాష్ట్రమున నిరాధారులకు సంజయ్ గాంధీ నిరాధార అనుదాన యోజన, వృద్ధులకు శ్రావణబాళ యోజన కలవు. రెంటికిని పదిహేనేండ్లు ఈ రాష్ట్రమున నివసించినట్లు నిదర్శనము చూపవలెను. హద్దు కావల 2014 లో ఆరంభమైన ఆసరా పింఛను కలదు. అది తెలంగాణ వాసులకు. కూలికై ఇటు వచ్చి, భర్త పోయి, ఒడలు ఉడిగి, పదేండ్లుగా ఇచ్చట పడియున్న స్త్రీ ఆ దరిది కాదు, ఈ దరిది కాదు. ఆమె చేయి చాచుటకు సోమరితనము కారణము కాదు, ఒక కాగితము లేకపోవుట. రేషను విషయమున కొంత మేలు జరిగినది. 2013 నాటి ఆహారభద్రతా చట్టము క్రింది కార్డు ఏ రాష్ట్రమునదైనను, మరియొక రాష్ట్రపు చౌకధరల దుకాణమున బియ్యము గోధుమలు తీసికొనవచ్చును. ఈ సంగతి తెలియవలసినవారికే తెలియదు. ఆధారు సంఖ్య కలిపియుండవలెను, వ్రేలిముద్ర పడవలెను. బండచాకిరిలో అరిగిన వ్రేళ్ల ముద్ర యంత్రమున పడదు. ఇట్టి చోట్ల చదువు వచ్చినవాడొకడు వెంట పోయి అరగంట నిలిచిన, పదేండ్ల చిల్లరకంటె ఎక్కువ పని యగును. అయినను ఆ కాగితము వచ్చువరకు చిల్లర ఆపరాదు. కాగితము ఆరునెలలు పట్టును, ఆకలి సాయంత్రమువరకే ఓర్చును.

స్టేషను దారిలో కూర్చుండు ఒక అవ్వ కలదు. ఆమె పాతకార్డు హద్దు కావల గ్రామమున ఒక బంధువు ఇంట ఉన్నదని తెలిసి, దానిని తెప్పించుటకు మాలో ఇద్దరు పూనుకొనిరి. మొన్న మేము ఎప్పటివలె పది రూపాయలు తీసితిమి. ఆమె చేయి చాచలేదు. "పైసలు ఉండనీ బిడ్డా, గా కాగితం ఏమాయె?" అని అడిగినది.