కోయంబత్తూరులో పాతకార్ల కొలువు

హోసూరు నుండి బస్సులో బయలుదేరి, ధర్మపురి, సేలం దాటి కోయంబత్తూరు చేరేసరికి పెద్దవాళ్ళకు ఒళ్ళు హూనమవుతుంది. ఆరేండ్ల మా అమ్మాయికి మాత్రం అలసట లేదు. అవినాశి రోడ్డుమీది పైవంతెన చూచి నోరు తెరచింది. పది కిలోమీటర్ల పొడవుగల ఆ వంతెనను 2025లో తెరచి, జి.డి. నాయుడుగారి పేరు పెట్టినారు. మేము చూడవచ్చినదీ ఆయన పేరిటి కార్ల ప్రదర్శనశాలనే. ఆయన ధర్మసంస్థవారు 2015లో ఇదే రోడ్డుమీద దానిని నెలకొల్పినారు.

నాయుడుగారిని గూర్చి మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1893లో కలంగల్ అనే పల్లెలో తెలుగు రైతుకుటుంబంలో పుట్టి, మూడవ తరగతితోనే బడికి స్వస్తి చెప్పిన మనిషి. ఒక దొర మోటారు సైకిలు చూచి మనసుపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి దానిని కొన్నారట. కొని షికారు పోలేదు, ముక్కముక్కగా విప్పి చూచినారు! 1920లో పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య ఒక్క బస్సుతో ఆరంభించి పెద్ద బస్సు కంపెనీని నిలబెట్టినారు.

మా అమ్మాయికి బడిలో తమిళమూ ఇంగ్లీషూ. ఇంట్లో మేము తెలుగులో అడిగినా జవాబు తమిళంలోనే వస్తుంది. మా అమ్మకు ఇది మనసులో ముల్లు.

లోపల బెంజి బండి దగ్గర పిల్ల ఆగిపోయింది. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన బండికి అది నకలు. "ఇదుక్కు మూణు చక్రందానా?" అన్నది. మూడే చక్రాలమ్మా, అని అక్కడే ఆయన భార్య బెర్తా కథ చెప్పినాను. 1888లో ఆమె భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలోని పుట్టింటికి ఆ బండిలో పోయింది. దారిలో చమురు అయిపోతే మందులషాపులో కొన్నది. గొట్టానికి నలక అడ్డుపడితే తన టోపీపిన్నుతో పొడిచి తీసింది. మిట్ట వచ్చినచోట పిల్లలు దిగి తోసినారు.

"వాళ్ళ నాయనకు చెప్పకుండానే పోయినారా?" అన్నది మా పిల్ల. తెలుగులో! మెచ్చుకుంటే మళ్ళీ ముడుచుకుంటుందని నేనేమీ ఎరగనట్లు ఊరకున్నాను.

తక్కిన కార్లు చాలా ఉన్నవి. 1908 నుండి 1927 వరకు కోటిన్నరకు మించి తయారైన ఫోర్డు మోడల్ టి నాకు నచ్చినది. పిల్లకు నచ్చలేదు, దాని ముఖం కోపంగా ఉన్నదట. వోక్స్‌వాగన్ బీటిల్‌కు యంత్రం వెనుక ఉంటుంది, నీళ్ళు పోయనక్కరలేదు, గాలితోనే చల్లబడుతుంది అంటే, "తోకలో ఇంజనా!" అని పకపక నవ్వినది. చేయి చాచినప్పుడల్లా ముట్టుకోవద్దని చెప్పవలసి వచ్చింది. మోటారు సైకిలు విప్పి చూచినవారి ఇంట ఇదేమి కట్టడి అనిపించకపోలేదు గాని, రోజుకు ఎన్ని చేతులని ఆ పాతరేకులు ఓర్చుకుంటవి?

ఇల్లు చేరగానే పిల్ల అవ్వ ఒడిలో చేరి బెర్తా కథ చెప్పసాగింది. చెప్పిన భాష సగం అరవం, సగం తెలుగు. మందులషాపు మా వీధిచివరి అంగడి అయినది. టోపీపిన్ను అంటే అవ్వకు బోధపడలేదు. పిల్ల ఆమె కొప్పులోని పిన్ను లాగి, "ఇదే, ఇట్లాంటిదే అవ్వా!" అన్నది. అవ్వ ఆ పిన్ను దానికే ఇచ్చివేసింది.

మరునాడు అది మా స్కూటరు గొట్టం దగ్గర దొరికినది.