వెనక్కి తోసిన కిటికీ

మా కొట్టు గుమ్మంలో చెప్పుల చప్పుడైతే మా ఎడంచెయ్యి దానంతటదే లేస్తుంది. బొటనవేలు ఆల్ట్ మీద, పక్కవేలు ట్యాబ్ మీద. టక్‌మని ఒక్క చప్పుడు. అప్పటిదాకా తెర మీద కుడి నుంచి ఎడమకి నడుస్తున్న ఉర్దూ వెనక్కి పోతుంది. ఎడమ నుంచి కుడికి నడిచే ఇంగ్లీషు దరఖాస్తు ముందుకొస్తుంది. వచ్చినాయన కుర్చీ లాక్కుని కూర్చునేసరికి మేం కూడా మారిపోయి ఉంటాం. "రండి మేస్టారూ, ఏం పనండీ?"

ఇలా చెయ్యమని మాకెవరూ చెప్పలేదు. ఉర్దూ కనిపించిందని కొట్లో ఎవరూ మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అయినా చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి గురించి ఈ నాలుగు మాటలు.

మాది ధవళేశ్వరం. అన్నదమ్ములం ఇద్దరం 2006లో ఈ కొట్టు పెట్టాం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫారాలు, హాల్‌టికెట్లు, 2007 చట్టం వచ్చాక బీసీ-ఇ సర్టిఫికెట్ల కాగితాలు, పెళ్ళికార్డుల టైపింగు, అన్నీ చేస్తాం. బోర్డు మీద 'నెట్ సెంటర్' అని మాత్రమే ఉంటుంది. బోర్డు రాసిన పెయింటరు "పేరేం పెట్టమంటారండీ?" అనడిగితే "పేరెందుకులెండి" అన్నాం. ఆ 'ఎందుకులెండి' కూడా ఈ చేతికి తోడబుట్టిందేనని ఇప్పుడు తెలుస్తోంది.

ముందు పని సంగతి చెప్పాలి. కంప్యూటరు వాడేవాళ్ళు చాలామంది ఒక్క బ్రౌజరుతో సరిపెట్టుకుంటారు. మాకు కుదరదు. మా మిషన్లో ఎప్పుడూ మూడు తెరిచి ఉంటాయి. క్రోమ్‌లో మా కొట్టు లాగిన్. ఫైర్‌ఫాక్స్‌లో వచ్చినవాళ్ళ లాగిన్. ఎడ్జ్‌లో మా సొంత ఉత్తరాలు, మా సొంత చదువు. ఎందుకిలా అంటే కారణముంది. ఒక సైటులోకి పేరూ పాస్‌వర్డూ ఇచ్చి వెళ్తే అది మన బ్రౌజరులో కుకీ అనే చిన్న చీటీ పెట్టుకుంటుంది. 'ఈయన ఫలానా' అని గుర్తు. అదే బ్రౌజరులో ఎన్ని ట్యాబులు తెరిచినా ఆ చీటీయే చెల్లుతుంది. క్రోమ్ చీటీ మాత్రం ఫైర్‌ఫాక్స్‌కి కనపడదు. అందుకని ఇద్దరు మనుషుల పని ఒకేసారి చెయ్యడానికి మేం రెండు బ్రౌజర్లు వాడతాం.

ఇది మాకు దెబ్బ తగిలాకే తెలిసింది. ఒకసారి ఇద్దరు ఆడపిల్లల దరఖాస్తులు ఒకే బ్రౌజరులో రెండు ట్యాబుల్లో తెరిచాం. రెండో పిల్ల లాగిన్ అయ్యేసరికి మొదటి ట్యాబు కూడా లోపల్లోపల ఆ పిల్లదైపోయింది. పైకి మాత్రం మొదటి పిల్ల పేరే కనిపిస్తోంది. చూసుకోకుండా నొక్కేశాం. ఒకరి మార్కులు ఒకరి దరఖాస్తులోకి పోయాయి. తప్పు మాదే. దాన్ని సరిచేయించడానికి పదిహేను రోజులు తిరిగాం. అప్పట్నుంచీ ఒక మనిషికి ఒక కిటికీ అని నియమం పెట్టుకున్నాం.

కిటికీలు పెరిగితే వాటి మధ్య తిరగడం కూడా రావాలి. ఆఖరి తేదీ రాత్రి గుమ్మం దాకా పిల్లలుంటారు. మౌసు పట్టుకుని వెతుక్కుంటే తెల్లారిపోతుంది. విండోస్ 7 వచ్చాక, అంటే 2009 తర్వాత, మాకొక సుఖం దొరికింది. విండోస్ మీట పట్టుకుని 1 నొక్కితే కింద పట్టీలో మొదట పెట్టుకున్నది వస్తుంది, 2 నొక్కితే రెండోది, 3 నొక్కితే మూడోది. ఆల్ట్ ట్యాబ్‌తో ఇప్పుడే వదిలిన కిటికీలోకి వెనక్కెళ్ళచ్చు. ఒకే బ్రౌజరులో ట్యాబు నుంచి ట్యాబుకి కంట్రోల్ ట్యాబ్. పొరపాటున మూసేసిన ట్యాబు కంట్రోల్ షిఫ్ట్ టి కొడితే మళ్ళీ తెరుచుకుంటుంది. ఈ నాలుగూ వస్తే చాలు, సగం పని అయినట్టే. పిల్లలకి ఊరికే నేర్పుతుంటాం.

అయితే ఈ కిటికీలు మాకు ఇంకో సంగతి కూడా నేర్పాయి. మేం కొట్టు పెట్టిన కొత్తలో తెలుగు పత్రికల సైట్లు కొన్ని తమ సొంత ఫాంట్లలో ఉండేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే చక్కని తెలుగు. అదే పేజీ ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు. వెన్న నాగార్జున గారు తయారుచేసిన 'పద్మ'ని తగిలించుకుంటే ఆ గుర్తులే మళ్ళీ తెలుగయ్యేవి. యూనికోడ్ తెలుగు కోసం విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన ఫాంటు పేరు గౌతమి. మా ఊరి దిగువన గోదావరి చీలితే వచ్చే పాయ పేరు! అది చూసి ఎంత మురిసిపోయామో. మా నది పేరు ప్రపంచంలోని కంప్యూటర్లన్నిట్లోకీ వెళ్ళిందని ఊరంతా చెప్పుకున్నాం. 'మా నది' అన్నప్పుడు మా చెయ్యి ఎక్కడికీ లేవలేదు.

ఆ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. మాకు గుర్తుండిపోయింది మాత్రం ఒక్కటే. ఒకే రాత ఒక కిటికీలో తేటగా కనిపిస్తుంది, ఇంకో కిటికీలో పిచ్చిగీతలవుతుంది. తప్పు రాతది కాదు, చూసే కిటికీది.

మమ్మల్నీ అలాగే చూస్తారు. ఇంట్లో అమ్మీతో మాట్లాడేది ఉర్దూ. అదైనా సగం తెలుగే. "కూరమే ఉప్పు జ్యాదా హోగయా" అంటుంది మా అమ్మీ. హైదరాబాదు చుట్టాలు విని పకపకా నవ్వుతారు. ఇదేం ఉర్దూ అంటారు. ఇక్కడ ఊళ్ళో దాన్ని 'తురకం' అంటారు. ఇక తెలుగు సంగతికొస్తే, పదో తరగతిలో తెలుగులో మంచి మార్కులొచ్చిన రోజు "సాయిబుల పిల్లలైనా తెలుగు ఎంత బాగా వచ్చిందో!" అని మెచ్చుకున్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ పుట్టిన ఊరి భాష వచ్చినందుకు మెచ్చుకోలేమిటండీ? గోదావరి ఒడ్డున పెరిగినవాడికి ఈత వచ్చిందని ఎవరైనా ఆశ్చర్యపోతారా? అక్కడ ఉర్దూ చాలదు, ఇక్కడ తెలుగు ఎక్కువైంది. ఏ కిటికీలో చూసినా మేం కొంచెం పిచ్చిగీతల్లాగే కనిపిస్తాం.

కంప్యూటరు ఇంత రభస చెయ్యదు. మా మిషన్లో మూడు కీబోర్డులున్నాయి, ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కుడివైపు కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కితే రాసే పెట్టె కుడి నుంచి మొదలవుతుంది. 'నువ్వు ముందు తెలుగువా, ఉర్దూవా?' అని అది ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్న మనుషులే అడుగుతారు. ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచి రోజున మరీ అడుగుతారు.

కాగితాలూ అడుగుతాయి. ఫారంలో 'ఇంటిపేరు' అని గడి ఉంటుంది. మా వాళ్ళలో చాలామందికి ఆ గడిలో పడేది షేక్. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటని రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బడి సర్టిఫికెట్‌లో ఇంకోలా రాశారు. రాసిన చేతులు వేరు, తిప్పలు మావి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన రోజుల్లో మా కొట్లో జనం చూసుంటే మీకు తెలిసేది. పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన కాగితాలు తెచ్చారు. ఒక్క అక్షరం తేడా ఉందని వణికిపోయారు. ఒక ముసలాయన ఆనకట్ట వైపు చెయ్యి చూపించి "ఆ బ్యారేజీ కట్టేటప్పుడు రాళ్ళు మోశానయ్యా, దానికి కాగితం ఎక్కడ దొరుకుద్ది?" అనడిగారు. ఏం చెప్తాం? మూడు కిటికీలు తెరిచి, మూడు కార్డులు పక్కపక్కన పెట్టి, ఏ అక్షరం ఎక్కడ తప్పిందో చూస్తూ కూర్చున్నాం. ఆ నెలలో మా వేళ్ళు ఎంత త్వరగా తిరిగాయో మాకే తెలియదు. ఉర్దూ కిటికీ మాత్రం అసలు తెరవలేదు.

ఇక ఆ రోజు సంగతి.

మా వీధి చివర ఉండే ఒక పెద్దమ్మ వచ్చింది. భర్త పోయి నెల దాటింది. నలభయ్యో రోజు ఫాతిహాకి చుట్టాలని పిలవడానికి కార్డు కావాలంది. "తెలుగు వద్దు బేటా, ఆయన ఉర్దూ చదివిన మనిషి, ఉర్దూలోనే ఉండాలి" అంది. ఇన్‌పేజ్ తెరిచాం. 1994 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేరు అది, నస్తాలిఖ్ లిపి అందంగా వస్తుంది. మామూలు బ్రౌజర్లలో మొదట్లో ఉర్దూ అరబ్బీ పద్ధతి అక్షరాల్లో కనిపించేది. మా అబ్బా అది చూసి "ఇది ఖురాన్ అక్షరంలా ఉంది బేటా, ఉత్తరం అక్షరంలా లేదు" అనేవారు. పెద్దమ్మకి చదవడం రాదు. అయినా భర్త పేరు పెద్ద అక్షరాల్లో తెర మీద పడేసరికి గుర్తుపట్టింది. ఇంట్లో ఆయన పుస్తకాల మీద రోజూ చూసిన ఆకారం కదా. తెర దగ్గరికి జరిగి చూస్తూ నిలబడింది.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మా చెయ్యి లేచింది. టక్.

పేరు పోయింది. దాని చోట ఎవరిదో కరెంటు బిల్లు.

పెద్దమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పోయిందా బేటా? ఆయన పేరు పోయిందా?"

"లేదు ఖాలా, పోలేదు. వెనకాల ఉంది."

ఆమె కాసేపు మా మొహాల్లోకి చూసింది. తర్వాత మెల్లిగా అడిగింది, "పీఛే కైకు రక్ఖే బేటా?"

వెనకాల ఎందుకు పెట్టారు నాయనా, అని. మా దగ్గర జవాబు లేదు. ఆమె మమ్మల్ని తప్పుపట్టలేదు, నిజంగానే తెలియక అడిగింది. అందుకే ఆ మాట మాకు గుచ్చుకుంది.

వచ్చినాయన మాకు ఎప్పట్నుంచో తెలిసిన రిటైరయిన మేస్టారే. సంగతి ఆయనకి సగం అర్థమైనట్టుంది. "ముందు ఆవిడది కానీండయ్యా, నాదేం తొందర్లేదు" అని బల్ల మీద కూర్చున్నారు. ఆల్ట్ ట్యాబ్ నొక్కాం. పేరు మళ్ళీ వచ్చింది. ఎక్కడికీ పోలేదు, ఒక్క చుక్కా చెరగలేదు. మేస్టారు కళ్ళజోడు సర్దుకుని "ఆయన పేరు ఎక్కడుంది ఇందులో?" అని అడిగారు. పెద్దమ్మే వేలు పెట్టి చూపించింది. వాళ్ళిద్దరూ ఆయన గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మేస్టారికి ఆయన ముందే తెలుసు. చిన్నప్పుడు కాలవలో కలిసి ఈతలు కొట్టారట.

ఆ సాయంత్రం కొట్టు కట్టేసి బ్యారేజీ వైపు వెళ్ళాం. కాటన్ 1847లో మొదలుపెట్టించిన ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని చోట ఇప్పుడున్న బ్యారేజీ 1982కి కట్టారు. మొత్తం 175 గేట్లు. నీళ్ళు తూర్పు డెల్టాకి కొన్ని, మధ్య డెల్టాకి కొన్ని, పశ్చిమ డెల్టాకి కొన్ని. ఒక కాలవ నీళ్ళు ఇంకో కాలవలో కలవవు. అయినా ఏ కాలవా ఇంకో కాలవకి కనిపించకూడదని తవ్వలేదు. అవసరం కొద్దీ విడదీశారు, అంతే.

అప్పుడు మాకు అర్థమైంది. వేరుగా ఉంచుకోవడం వేరు, దాచుకోవడం వేరు. ఇద్దరు పిల్లల దరఖాస్తులు రెండు బ్రౌజర్లలో పెట్టడం పని కోసం. పెద్దమ్మ భర్త పేరుని వెనక్కి తొయ్యడం పని కోసం కాదు. రెంటికీ నొక్కేది అవే మీటలు కావడంతో ఇన్నేళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాం. చురుకుదనం అనుకున్నదాంట్లో సగం భయమే. 2022లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చట్టం చేశారు. చట్టంలో ముందుకొచ్చింది, మా తెర మీద మాత్రం మేమే వెనక్కి తోశాం. ఆ భయాన్ని మాకు పెట్టినవాళ్ళు లేరని కాదు. ఉన్నారు. టీవీల్లో ఉన్నారు, ఎన్నికల మైకుల్లో ఉన్నారు. కానీ మేస్టారు గుమ్మంలోకి రాకముందే ఆయన్ని కూడా వాళ్ళలో కలిపేసింది మాత్రం మా చెయ్యే.

ఇప్పుడు కింద పట్టీలో వరస మార్చాం. విండోస్ 1 నొక్కితే క్రోమ్, 2 నొక్కితే ఫైర్‌ఫాక్స్, 3 నొక్కితే ఇన్‌పేజ్. మూడూ పక్కపక్కనే ఉన్నాయి. ఏ పని ఉంటే అది ముందుంటుంది. అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు, నిన్న కూడా చెప్పుల చప్పుడుకి చెయ్యి లేచింది. ఆల్ట్ మీద కాసేపు ఆగింది. ట్యాబ్ నొక్కలేదు.

మీరెప్పుడైనా ధవళేశ్వరం వచ్చి మా కొట్లో కాలు పెడితే, తెర మీద కుడి నుంచి నడిచే అక్షరాలు కనిపించచ్చు. ఎవరి పెళ్ళి కార్డో, ఎవరి ఫాతిహా కార్డో అయి ఉంటుంది. కాసేపు కూర్చోండి. మీ పనీ అవుతుంది.