వలస కూలీల జాబులు

జర్మనీ నుంచి అమెరికాకు వలసపోయిన రైతులూ, చేతిపనివాళ్లూ, పనికత్తెలూ యిళ్లకు రాసిన జాబులను అక్కడి చరిత్రకారులు వేలాదిగా పోగుచేశారు. బోఖుమ్‌లో హెల్బిష్ ప్రారంభించిన ఆ సేకరణ యిప్పుడు గోథా పరిశోధనా గ్రంథాలయంలో వుంది. పాత జర్మన్ గొలుసుకట్టు రాతను చదవటం కంప్యూటర్లకు నేర్పారు. కూలి గురించి ఎవరు ఎక్కువగా రాశారు, దేవుడి గురించి ఎవరు రాశారు, ఏ మాట ఏ దశకంలో పెరిగింది, ఏది తగ్గింది అని లెక్కతీయటం యిప్పుడు సాధ్యమే. యీ సంగతి చదివినప్పుడు నాకు సంతోషంతో పాటు కొంత అసూయ కూడా కలిగింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమల నుంచి నేటాలు చెరకుతోటలకు పోయినవాళ్ల జాబులేవి?

పోయినవాళ్లు తక్కువేమీ కాదు. మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పందపు కూలీలుగా నేటాలు చేరిన హిందూదేశస్థులు 1,52,184 మంది. వాళ్లలో సుమారు మూడింట రెండువంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. మధ్యలో ఆగిపోయిన కూలీల ఎగుమతి 1874లో మళ్లీ మొదలైంది. ఆ వెనకనే 1876-78లో ధాతకరువు వచ్చింది. కుప్పం మీదుగా బెంగుళూరు రైలుమార్గం అప్పటికే పడివుంది. ఆకలీ, రైలూ, కూలీలను పోగుచేసే మేస్త్రీ ఒకచోట కలిస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

జర్మన్ రైతు జాబు మిగలటానికి కారణం అతని ప్రతిభ కాదు, బడి. ప్రష్యాలో 1763లోనే పల్లెపిల్లలకు చదువు నిర్బంధం చేశారు. మన దేశంలో 1901 జనాభా లెక్కల నాటికి కూడా చదవను, రాయను వచ్చినవాళ్లు నూటికి ఆరుగురికి మించి లేరు. పైగా జాబు రాస్తే చాలదు, దాన్ని దాచుకోటానికి యింట్లో పెట్టె వుండాలి, పెట్టెమీద వాన కురవని కప్పు వుండాలి. మదనపల్లెలోనే 1863 నుంచి వున్న అమెరికన్ మిషనరీ జేకబ్ చాంబర్లేన్ రాసినవి అచ్చయ్యాయి, భద్రంగా వున్నాయి. అదే ఊరు, అవే కరువు రోజులు. ఒకరి మాట మిగిలింది; యింకొకరిది మిగల్లేదు. యిది యాదృచ్ఛికమని నేననుకోను.

ఐతే కూలీల గురించి సర్కారు రాసుకున్నది మాత్రం మిగిలింది. ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక అంకె, పేరు, తండ్రిపేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు వున్నాయి. వీటిని కంప్యూటరుకెక్కించి, 1902 వరకు వచ్చిన 95,382 మందిని పరిశీలించి సురేంద్ర భానా 1991లో పుస్తకం వెలువరించాడు. ఆ జాబితాలను యిప్పుడు మనం యింట్లో కూర్చుని వెతకవచ్చు. నేనూ వెతుకుతున్నాను.

వెతకటం మొదలుపెట్టగానే తెలిసేదేమిటంటే, యంత్రానికి మన ఊళ్లు తెలియవు. మదనపల్లె ఆనాడు కడపజిల్లాలోది. పుంగనూరు జమీందారీ, కుప్పం వున్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులోవి. యిప్పటి జిల్లాల లెక్కన వెతికితే సగంమంది జారిపోతారు. చిత్తూరుజిల్లా ఏర్పడిందే 1911లో, నేటాలుకు కూలీల ఎగుమతి ఆగిపోయిన ఏడాది. యిక ఊరిపేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడ్డట్టు వుంటాయి. ఒక మాటను యింకొక మాటగా మార్చటానికి ఎన్ని అక్షరాలు దిద్దాలో లెక్కగట్టే పద్ధతిని సోవియట్ గణితవేత్త లెవెన్‌స్టీన్ 1965లో ప్రకటించాడు. ఆ పద్ధతి నాకు చాలా ఉపయోగపడింది. ఉకారానికి బదులు రెండేసి ఓ అక్షరాలు పెట్టి రాసిన పుంగనూరును అది తేలికగానే పట్టుకుంటుంది. కాని కుప్పం దగ్గర బోల్తాపడుతుంది. చెంగల్పట్టు నుంచి కడలూరు దాకా సముద్రపొడుగునా ‘కుప్పం’ అనే పేరుతో ముగిసే పల్లెలు ఎన్నో వున్నాయి. యంత్రం ఆ బెస్తవాళ్లందరినీ తెచ్చి మన కుప్పంలో దింపుతుంది! తాలూకా పేరూ, పక్కవాడి ఊరిపేరూ, కులమూ చూసి వాళ్లను మళ్లీ సముద్రతీరానికి పంపటం మనిషి చెయ్యవలసిన పని. ‘కొత్తపల్లె’ సంగతి అడగనే వద్దు.

జాబితాలు అట్లా వుండగా, వలసకూలీల రక్షకాధికారి కచేరీకి కూలీలు పెట్టుకున్న అర్జీలు పీటర్‌మారిట్స్‌బర్గ్ దస్తావేజుల్లో వున్నాయి. అశ్విన్ దేశాయ్, గులాం వాహెద్ 2007లో తెచ్చిన పుస్తకానికి అవి ఆధారం. జాబులకు అతి దగ్గరగా వచ్చేవి యివే. కాని వీటిలో మాటలు లెక్కపెట్టేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. కూలీ తెలుగులో మొరపెట్టుకుంటాడు. దుబాసీ ఇంగ్లీషు చేస్తాడు. రాసేవాడు దానికి వినయవిధేయతలు తగిలిస్తాడు. ఆ వినయాన్ని లెక్కగట్టి మన కూలీలు అణకువగలవాళ్లని తేల్చితే, తేలింది అర్జీలేఖరి స్వభావం. జర్మన్ జాబుల్లోనూ క్షేమసమాచారపు మూసలు వున్నాయి. మన ‘ఉభయకుశలోపరి’ వంటివే అవి. లెక్కలో అన్నిటికన్న పైకి వచ్చేది క్షేమమే. చదవవలసింది ‘ఉపరి’ తర్వాత ఏమున్నదనేది. మూస ఎక్కడ పగిలింది, దెబ్బలు తిన్నవాడి మాట ఆ పగులులోంచి ఎక్కడ బయటపడింది అనేది. దానికి విమర్శకుడు కావాలి. ప్రజాసాహిత్యం గురించి యింత రాసిన మనం యీ అర్జీలను సాహిత్యవిమర్శ పరిధిలోకి తీసుకురాకపోవటం నాకు వింతగా తోస్తుంది.

యీ నేల నుంచి వలస యిప్పటికీ ఆగలేదు. కుప్పం నుంచి బెంగుళూరుకు పొద్దున్నే రైలెక్కేవాళ్లున్నారు, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు యింటిపనికి పోయే ఆడవాళ్లున్నారు. వాళ్లు జాబు రాయరు, ఫోనులో మాట్లాడి పంపుతారు. పుంగనూరు దగ్గరి పల్లెలో ఒక పెద్దామెను ఆ మాటలు దాచి వుంచమని అడిగాను. ‘‘ఫోను నిండిపోతే మనవడు తీసేస్తా వుంటాడు నాయనా. ఇనేసినాంక ఇంకేముంది?’’ అన్నది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

ప్రస్తుతానికి నేను చేస్తున్నది చిన్న పని. పుంగనూరు, కంగుంది జమీందారీల పల్లెల పేర్లను, ఊరివాళ్లు పలికే తీరులోనే, ఒక్కొక్కటే రాసి పెడుతున్నాను. పాడుబడిన పల్లెల పేర్లు ముసలివాళ్లను అడిగి తెలుసుకోవాలి. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం వుంది. అక్కడి విద్యార్థులు సెలవులకు ఊళ్లకు పోయినప్పుడు తలా పది పేర్లు తెచ్చినా యీ పట్టిక త్వరగా నిండుతుంది.