పన్ను పీకించే ముందు ఒక్కమాట అడగండి

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. ఇది పళ్ల గురించి.

ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివేటప్పుడు నాకు కింది దవడ పన్ను పుచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డయి, రాత్రిళ్లు నిద్ర లేదు. నాన్న వచ్చి టౌన్‌కు తీసుకుపోయి పీకించిండు. నొప్పి పోయింది. ఆ ఖాళీ గురించి మళ్లీ ఎవరం ఆలోచించలేదు.

డిగ్రీ కోసం హైదరాబాద్ వచ్చాక అసలు బాధ మొదలైంది. చల్లటి నీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. నమిలితే ఒక పన్ను మిగతావాటికన్నా ముందే తగిలేది. ఏడాదిన్నర ఒక పక్కనే నమిలిన. హాస్టల్‌లో ఎవరైనా బర్త్‌డేకి ఐస్‌క్రీమ్ తెస్తే "నాకు ఇష్టం లేదు" అని పక్కోనికి ఇచ్చేసేవాడిని. ఇష్టం లేక కాదు.

ఒక ప్రైవేట్ క్లినిక్‌లో రేటు విని బయటికి వచ్చేసిన. సీనియర్ అక్క ఒకామె "అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది కదరా, పొద్దున్నే పో" అన్నది.

అక్కడ డాక్టరమ్మ పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి కొరకమన్నది. ఎక్కువ తగిలే చోట రంగు అంటుకుంటది. అద్దంలో చూపించి చెప్పింది: పీకిన ఖాళీలోకి పక్క పన్ను వాలింది, పై పన్ను కిందికి దిగింది. అందుకే పై పళ్లు, కింది పళ్లు సరిగ్గా కలవట్లేదు. ఇంకొకటి, బొగ్గుపొడితో, గట్టి బ్రష్‌తో రుద్ది రుద్ది చిగుళ్ల దగ్గర పళ్లు అరిగినయి. పైనున్న ఎనామిల్ ఒకసారి పోతే మళ్లీ పెరగదట. "గిన్నెలు తోమినట్టు తోమినవ్ కదా నాయనా" అంటే నవ్వొచ్చింది, సిగ్గూ అయింది.

నాలుగుసార్లు పోయిన. అరిగిన చోట పన్ను రంగు సిమెంట్ నింపారు. ఎత్తుగా తగిలే చోట కొద్దిగా సరిచేశారు. మెత్తటి బ్రష్, జివ్వుమనడం తగ్గించే పేస్ట్ రాసిచ్చారు. క్యూలో నిలబడాలి, క్లాసులు పోతయి, అది నిజమే. ఖాళీలో పన్ను కట్టించుకునుడు ఇంకా మిగిలే ఉంది.

మొన్న చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, పన్ను నొప్పి. పీకించమంటున్నరు." ఆగమన్న. ఆ వారమే బస్సెక్కించి రప్పించిన. రూట్ కెనాల్ చేసి పన్ను నిలబెట్టారు.

మన ఊర్లల్లో పన్ను నొప్పి అంటే పీకుడే మందు. అన్ని పళ్లూ దక్కవు, కొన్ని పీకాల్సిందే. కానీ పీకే ముందు "డాక్టర్ గారూ, ఈ పన్ను ఉంచొచ్చా?" అని ఒక్కమాట అడగండి. పదో తరగతిలో నాకు ఆ మాట తెలియదు, నాన్నకూ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది కదా, ఇంట్లో చెప్పండి.